చక్రాల కింది మన్ను

ఆత్మకూరు,
14-2-1954

బడిలో నా పలక చూసి లెక్కలు దింపుకున్న రెబెకమ్మకు,

దస్తూరీ చూసి, ఆదిశేషమ్మ ఎవరో పిల్లవాడి చేత ఉత్తరం రాయించిందని అనుకోకు. రాస్తున్నది నేనే. ఏడాదిగా నా కుడి చెయ్యి మొద్దుబారి ఉంది. వేళ్ళ మధ్య కలం ఉన్నదో జారిపోయిందో కళ్ళతో చూసుకుంటే గాని తెలియదు. మన దొరసానమ్మ నా చేతిరాతను తరగతి గోడకు అంటించి, దాని పక్కన నీ రాతను కూడా అంటించి, తేడా చూడండి అనేది కదా. ఇప్పుడు నీ వంతు. తీసి గోడకు అంటించుకో.

మా ఇంట్లో మళ్ళీ పురుడు వచ్చింది. నా మనవడు రామనారాయణ భార్య రాఘవమ్మకు. ఆడపిల్ల. ఏడవలేదు. మంత్రసాని కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తింది, వీపు మీద చరిచింది, చన్నీళ్ళు చల్లింది. పిల్ల దేన్నీ పట్టించుకోలేదు. పోయినేడు పుట్టిన మగపిల్లవాడూ ఇంతే. అప్పుడు ఇల్లంతా గోలెత్తి ఏడ్చింది. ఈసారి ఎవరికీ అంత ఓపిక లేకపోయింది. నాకైతే కన్నీళ్ళు రాలేదు. వస్తాయేమోనని కాసేపు తలుపు మూసుకుని కూర్చున్నాను కూడా. రాకపోయేసరికి లేచి, చిక్కుడుకాయలు ఒలిచాను.

మా ఇల్లు నువ్వు చూడలేదు కాబట్టి చెబుతున్నాను. నెల్లూరు రోడ్డు మీదనే ఉంటుంది. ఇంటికి ఆనుకుని నా కొడుకు చెంచురామయ్య బస్సు షెడ్డు. ఆత్మకూరులో పొద్దున బయలుదేరి ఉదయగిరికి పోయి సాయంత్రానికి తిరిగి వచ్చే బస్సు ఒకటి వాడికి ఉంది. దాని బాటరీకి ప్రాణం చాలదు. ఇంజను ఆపితే మళ్ళీ అంటుకోదని, జనం నిండేదాకా మా గోడ పక్కనే గడగడలాడిస్తూ నిలబెడతారు. ఆ రోజూ అలాగే నిలబెట్టారు. ఆ చప్పుడులో చెంచురామయ్య గడప దగ్గరికి వచ్చి, “అయిపోయిందామ్మా?” అని అరిచాడు. “అయిపోయింది” అని నేనూ అరిచాను. బస్సు బయలుదేరింది. వాడు కూడా దాంట్లో ఎక్కి వెళ్ళాడు. టిక్కెట్లు కొన్నవాళ్ళను దించేస్తారా మరి.

మైల పోగానే నా కోడలు ఓబులమ్మ వంటింట్లో మొదలుపెట్టింది.

“అత్తా, దాని కడుపులో ఏదో దోసముండాది. పుట్టింటికి పంపిచ్చేద్దాం.”

“పంపించి?”

“ఏం జేస్తాం? మనోడికి ఇంకో పెళ్ళి జేద్దామంటే ఆ చట్టమొకటి వచ్చి సచ్చింది గదా. రాష్ట్రం ఇడిపోయినప్పుడు మద్రాసోళ్ళు మద్రాసును ఉంచుకోని, చట్టాన్ని మాత్రం మనకి అంటగట్టి పోయినారు.”

“చట్టం లేకపోతే చేసేదానివేనా?”

“చేసుండమా? మా నాయన చేసుకోలా?”

ఇదంతా రాఘవమ్మ వింటూనే ఉంది. పచ్చి బాలింత. పొయ్యి పక్కన ఒత్తిగిలి, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పెళ్ళయి వచ్చినప్పుడు పచ్చి పసుపుకొమ్ములా ఉండేది. ఇప్పుడు ఉతికి ఉతికి రంగు పోయిన గుడ్డలా ఉంది. అప్పుడప్పుడు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి అంటుంది. పెదవులు పాలిపోయాయి. ఉదయగిరి అవతల, వరికుంటపాడు దగ్గర పల్లె పిల్ల. ఎదురు మాట్లాడటం తెలియదు. తెలిసి ఉంటే నా పని సగం తప్పేది.

నువ్వు నర్సు పని నుంచి రిటైరయినా నెల్లూరు ఆసుపత్రి కాంపౌండు వదలకుండా అక్కడే ఉన్నావు కదా. మీ డాక్టరమ్మకు ఈ పిల్లను చూపించు. ఓబులమ్మ కూడా వస్తానంటోంది. కోడలి మీద ప్రేమ అనుకునేవు. నెల్లూరులో గాజులు కొనుక్కోవాలట.

నీ
ఆదిశేషమ్మ


ఆత్మకూరు,
20-8-1954

పెట్టిన భోజనానికి పేరు పెట్టనివ్వని రెబెకమ్మకు,

ఎండాకాలంలో మేము వచ్చినప్పుడు మీ డాక్టరమ్మ రాఘవమ్మ కింది పెదవి వేలితో లాగి, నిన్ను పిలిచి చూపించింది గుర్తుందా? చిగుళ్ళ అంచున నీలపు గీత. కాటుక పుల్లతో గీసినట్టు ఉంది. ఒంట్లో సీసం చేరితే అలా వస్తుందని, దాంతో కడుపులో బిడ్డలు నిలవరని చెప్పింది. ఏ గిన్నెల్లో వండుతారు, ఏ బావి నీళ్ళు తాగుతారు, మన్ను తినే అలవాటు ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. మన్ను మాట వచ్చినప్పుడు పిల్ల తల అడ్డంగా ఊపింది. అప్పుడు నేను డాక్టరమ్మనే చూస్తున్నాను. పిల్లను చూసి ఉండాల్సింది.

చారు కాచే సత్తు గిన్నె మీద అందరి అనుమానం పడింది. తగరంలో సీసం కలిపి పోస్తారట కదా. ఇంటికి రాగానే దాన్ని బయట పారేయించాను. ఇప్పుడు కంచు గిన్నెలో కాస్తే చారు వేడినీళ్ళలా ఉందని చెంచురామయ్య రోజూ నోట్లో పోసుకుని ముఖం చిట్లిస్తాడు. బిడ్డ పోయిన రోజున కూడా వాడు అంత ముఖం పెట్టలేదు.

గిన్నె పోయింది, గీత పోలేదు. దీపాలు పెట్టే ముందు పిల్లను గుమ్మంలో కూర్చోబెట్టి పెదవి లాగి చూస్తూనే ఉన్నాను. ఈలోగా అది మళ్ళీ నెల తప్పింది. ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. ఓబులమ్మ, “ఇది గూడా పోతే ఇంక నన్ను అడగబాకండి” అన్నది, తనను ఎవరో అడిగినట్టు.

మొన్న మధ్యాహ్నం నాకు విస్తరి వేయడానికి వంగింది రాఘవమ్మ. దాని నోట్లోంచి గుప్పున వాసన.

“ఏందే, నీ నోట్లో బస్సు వాసన?”

అది కొంగు ముడి విప్పి నా ముందు పరిచింది. బూడిదరంగు మన్ను. వస్త్రకాయం పట్టిన పిండిలాగా మెత్తన.

“ఎప్పటినుంచి?”

“మొదటి కాన్పు నుంచీనవ్వా. వేవిళ్ళప్పుడు పట్టుకునింది. నోట్లో ఏసుకుంటే కడుపులో తిప్పేది ఆగతాది.”

“మన్నే కావాలంటే పెరట్లో లేదా?”

“అది మామూలు మన్ను గదవ్వా. ఇది తొలకరి వాన పడినట్టు ఉంటాది, మళ్ళీ దాంట్లో పెట్రోలు వాసన. కళ్ళు మూసుకుంటే...”

“కళ్ళు మూసుకుంటే టిక్కెట్టు లేకుండా ఉదయగిరి పోయి వచ్చినట్టుంటుందా?”

నవ్వింది, రెబెకమ్మా. ఈ రెండేళ్ళలో ఆ పిల్ల నవ్వగా నేను చూడలేదు. మరుక్షణం నా కాళ్ళు పట్టుకుంది. “అత్తకి చెప్పబాకవ్వా. మన్ను తిని బిడ్డల్ని సంపుకునిందంటాది. ఆస్పత్రిలో గూడా అత్త పక్కన కూచోనుండె, అందుకే లేదంటిని.” చెప్పనని మాట ఇచ్చాను.

ఆ మన్ను కథ విను. మా వీధిలో ఆడవాళ్ళందరికీ అది తెలిసిన మన్నే. బస్సు నిలిచే చోట రోడ్డు చక్రాల కింద రోజూ నలిగి నలిగి పిండి అవుతుంది. దంచక్కర్లేదు, జల్లించక్కర్లేదు. పొయ్యి అలికితే పగలదు, ఇత్తడి తోమితే గీతలు పడవు. బస్సు అటు కదలగానే ఇటు చేటలు పట్టుకుని వస్తారు. ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటారు కూడా. మా ఇంట్లో పనిచేసే మస్తానమ్మ మా పొయ్యికి అక్కడినుంచే తెస్తుంది. అందులోంచే ఒక పిడికెడు ఈ పిల్ల కొంగులోకి. మస్తానమ్మకు ఈ సంగతి తెలుసు. చూలాలు నోరు తెరిచి అడిగింది లేదనకూడదని ఇస్తుంది.

కర్ర పట్టుకుని పోయి ఆ చోటు చూశాను. పదేళ్ళుగా అరుగు మీద కూర్చుని చూస్తున్న చోటే. బస్సు పొగగొట్టం మూతి సరిగ్గా ఆ మన్ను మీదికి ఉంటుంది. మా గోడ ఆ మేర నల్లగా ఉంది. పక్కనే షెడ్డులో మాలకొండయ్య మేస్త్రీ పాత బాటరీల్లోంచి సీసం రేకులు పెరికి కరిగిస్తాడు, కరగ్గా మిగిలిన చిట్టెం రోడ్డు వారకు ఊడ్చేస్తాడు. గోడకు ఒక పెట్రోలు డబ్బా ఆనించి ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఉన్నది కూడబలుక్కుని చదివాను. ఇందులో సీసం కలిసి ఉన్నది, మోటారుకు తప్ప మరి దేనికీ వాడరాదు అని ఉంది. ఆ డబ్బాలు కోసి మూతలు చేయించుకుంటాం, నీళ్ళు తోడుకుంటాం. మన దొరసానమ్మ బెత్తం పట్టుకుని నేర్పిన ఇంగ్లీషు ఇన్నేళ్ళకు ఒక డబ్బా చదవడానికి పనికివచ్చింది.

డాక్టరమ్మను అడుగు. పొగలోంచి సీసం మన్నులోకి దిగుతుందా? దిగితే వానకు కొట్టుకుపోతుందా? త్వరగా రాయి.

నీ
ఆదిశేషమ్మ


ఆత్మకూరు,
26-9-1954

అడిగినదానికి అడిగినంతే జవాబు చెప్పే రెబెకమ్మకు,

నీ ఉత్తరం అందింది. మద్రాసులో మన్ను పరీక్ష చేయిస్తే గాని రూఢిగా చెప్పలేనని, అయినా అనుమానానికి కావలసినవన్నీ అక్కడ ఉన్నాయని, పెట్రోలు పొగలో పోయే సీసం నేల మీదనే దిగుతుందని, ఎండకు ఎండదని, వానకు కుళ్ళదని డాక్టరమ్మ చెప్పినట్టు రాశావు. పరీక్ష కోసం ఆగవద్దు, పిల్లను ఆ మన్నుకు దూరంగా తీసుకుపొమ్మన్నది కూడా చదివాను. ఆ వాక్యం కింద నువ్వు గీత గీయకపోయినా అర్థమయ్యేది.

నా చెయ్యి మొద్దుబారడం కూడా దాని పనేనేమో, అద్దంలో చిగుళ్ళు చూసుకోమన్నావు. చూసుకున్నాను. ఆ గీత పళ్ళ మొదళ్ళ దగ్గరే పడుతుందని రాసింది నువ్వే. నాకు పళ్ళెక్కడివి? కాబట్టి ఇది ఆ అరుగు మీద పీల్చిన పొగ వల్లనో, వయసు వల్లనో, దేవుడికి కూడా తెలిసే దారి లేదు.

చెంచురామయ్యతో మాట్లాడాను. షెడ్డు ఊరి బయటికి మార్చమన్నాను.

“పొగ గాల్లోకి గదామ్మా పొయ్యేది. మన్నులోకి యాడ పోతాది?”

“గాల్లోకి పోయినది ఎక్కడ దిగుతుందిరా?”

“ఆ రోడ్డును ఊరంతా తొక్కతా ఉండారు. ఎవురికేమైంది? నీకు ఏమీ తోచక ఆ నర్సమ్మకి జాబులు రాస్తావు, ఆమెకి ఏమీ తోచక నీకు రాస్తాది.”

ఊరంతా తొక్కుతారు, నీ కోడలు తింటుంది అని నా నాలుక చివరిదాకా వచ్చింది. మాట ఇచ్చాను కదా, మింగేశాను. ఆ మాట బయటపడితే, బిడ్డ నిలిచినా నిలవకపోయినా, ఆ పిల్లకు ఈ ఇంట్లో చచ్చేదాకా ఒకటే పేరు ఉంటుంది.

మానమని పిల్లకు చెప్పి చూశాను. కొంగు దులిపేసి మానింది. తర్వాత ఒకరోజు పొయ్యి గట్టును గోటితో గీరి నాకుతూ దొరికింది. ఆ గట్టు కూడా ఆ మన్నే కదా. చెంపలకు కన్నీటి చారికలు కట్టి, “నా వల్ల గాదవ్వా” అన్నది. కాదని నాకూ అర్థమైంది. ఈ ఇంట్లో పొయ్యి అదే, గోడ అదే, గిన్నెలు తోమేది అదే. పిల్లను దాంట్లోంచి పెరికి బయట వేయాలి. కాని పురిటికి పంపే నెల ఇంకా రాలేదు. ముందుగా పంపాలంటే కారణం చెప్పాలి. ఈ ఇంట్లో ఎవరూ కారణం అడగకుండా ఆ పిల్ల వెళ్ళే దారి ఒక్కటే ఉంది. ఓబులమ్మ ఎప్పటినుంచో తెరిచి పెట్టుకున్న దారి. దాన్ని ఇన్నాళ్ళూ అడ్డంగా నిలబడి మూసింది నేనే.

నిన్న అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు చెప్పాను. “ఓబులమ్మ చెప్పిందే నిజం. దీన్ని పుట్టింటికి పంపించేయండి. బతికిన బిడ్డను ఎత్తుకుని వస్తే రానీ, లేకపోతే అక్కడే ఉండనీ.”

వడ్డిస్తున్న రాఘవమ్మ గరిటెలోంచి పప్పు నేల మీద కారింది. ఓబులమ్మ నన్ను కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసింది. నా మనవడు తల ఎత్తాడు, ఏదో అంటాడనుకున్నాను. తల దించి పెరుగు కలుపుకున్నాడు. వాణ్ణి పెంచింది నేనే, ఎవరిని అనేది?

నిజం పిల్లకైనా చెప్పవచ్చు కదా అంటావు. చెబితే ఏమవుతుందో చూడు. నీకు ఇది మంచిది కాదు అన్న మాట వెనకాలే, ఆ ఇద్దరు పిల్లలూ దీనివల్లనే పోయారు అన్న మాట వస్తుంది. ఆ ఇద్దరూ పోయింది తన చేతులతో తిన్న మన్ను వల్లనని తెలిసిన తల్లి కడుపులో మూడోది ఎలా పెరుగుతుంది? వద్దు. నన్ను తిట్టుకోనీ. తిట్టుకోవడానికి ఒక ముసలిది ఎదురుగా ఉంటే తనను తాను తిట్టుకోవడానికి తీరిక ఉండదు.

మీ డాక్టరమ్మకు చెప్పకుండా ఇంకొక పని చేశాను. చేజర్లలో మా నాయన నాకు ఇచ్చిన చేను ఉంది. మోటారు పేరు కూడా వినని చోటు. అక్కడి బంకమన్ను బండిలో తెప్పించి, రాళ్ళు ఏరి, బిళ్ళలు చేసి, కొత్త ఇటుకల పొయ్యి పెట్టి ఎర్రగా కాల్చాను. వేళ్ళు పనిచేయక సగం వంకరగా వచ్చాయి. వాసన కోసం తడి గడ్డి పొగ పట్టించాను. ఇంట్లో వాళ్ళు అడిగితే బొమ్మలకొలువుకు అన్నాను. ఈ ఇంట్లో ఎప్పుడు కొలువు పెట్టారని ఎవరికీ తట్టలేదు. పిల్ల పెట్టెలో చీరల అడుగున సర్దాను. తినక తప్పనప్పుడు అదైనా తింటుంది.

ఈ పొద్దున మా బస్సులోనే పంపించారు. ఉదయగిరిలో దాని నాయన బండి కట్టుకుని వచ్చి తీసుకుపోతాడు. బస్సు గడగడలాడుతూ నిలబడి ఉంది. రాఘవమ్మ అత్తకు దండం పెట్టింది. మామకు పెట్టింది. మస్తానమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. నా ముందునుంచి నడిచిపోయి బస్సు ఎక్కింది. నేను అరుగు మీదనే ఉన్నాను. పొగ ముఖానికి కొట్టింది. కొంగు అడ్డం పెట్టుకోవాలని కూడా అనిపించలేదు. నాకు బాధగా ఉందేమోనని నువ్వు రాస్తావు. లేదు. చేతికి పట్టిన మొద్దు పైదాకా వచ్చినట్టుంది.

నీ
ఆదిశేషమ్మ


వరికుంటపాడు దగ్గరి పల్లె నుంచి,
19-3-1955

నాకన్నా ఎక్కువ పళ్ళు మిగిలిన రెబెకమ్మకు,

పై చిరునామా చూసి ఆశ్చర్యపోకు. నెల పైనుంచీ వియ్యంకుల ఇంట్లో తింటున్నాను. మర్యాదస్తులు, ఎప్పుడు పోతావని ఇంకా అడగలేదు.

జరిగింది మొదటినుంచీ చెబుతాను. సంక్రాంతి పోయిన తర్వాత ఒక ఉదయం అరుగు మీద కూర్చుని ఉన్నాను. బస్సు కదలబోతుంటే మస్తానమ్మ గబగబా వచ్చి కండక్టరు రోశయ్య చేతిలో గుడ్డ మూట పెట్టింది.

“ఏందే అది?”

“ఏముండాది పెద్దమ్మా, పాపకి.”

“రాఘవమ్మకు ఏం పంపుతున్నావు?”

“మన్నే. ఆ వాసన లేకపోతే ఆ బిడ్డకి అన్నం దిగదు. పోయినకాణ్ణుంచీ పంపతానే ఉండా. ఉదయగిరిలో వాళ్ళ నాయన మనిసి తీసకపోతాడు.” నా ముఖంలోకి చూసి అన్నది. “మీరు ఇడిసిపెట్టినారని నేను ఇడిసిపెడతానా?”

ఆ మాట నాకు తగలాల్సింది. తగల్లేదు. దానికన్నా ముందు ఇంకొకటి తగిలింది. ఎవరికీ తెలియకుండా నేను పిల్లను ఏ మన్నులోంచి పెరికి పంపానో, ఆ మన్ను దాని వెనకాలే, మా బస్సులోనే, మా కండక్టరు చేతుల మీదుగా, ప్రేమగా మూటకట్టి వెళుతోంది.

బస్సు ఆపించాను. మూట లాక్కున్నాను. మస్తానమ్మను లోపలికి తీసుకుపోయి, ఇచ్చిన మాట పక్కన పెట్టి, అంతా చెప్పాను. డాక్టరమ్మ, నీలపు గీత, సీసం, పెట్రోలు డబ్బా. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, “మా పోలేరికి గూడా రెండు పోయినాయి గదా పెద్దమ్మా. అది గూడా ఈ మన్నే తినేది. దానికి గూడా ఇదేనా?” అన్నది.

పోలేరమ్మ దాని కూతురు. చెరువు పక్కన వాళ్ళ గుడిసెల్లో ఉంటుంది. దాని బిడ్డలు పోయినప్పుడు మస్తానమ్మ మరునాడే వచ్చి మా గిన్నెలు తోమింది. మేము, అయ్యో అన్నాం. నెల్లూరు తీసుకుపోదామని ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు. మస్తానమ్మ ముఖంలోకి చూడలేకపోయానని రాస్తే బాగుంటుంది. చూశాను. రోజూ చూసే ముఖమే.

ఆ మూట ఒళ్ళో పెట్టుకుని అదే బస్సు ఎక్కాను. చెంచురామయ్య కిటికీ దగ్గరికి వచ్చి, “యాడికమ్మా నువ్వు?” అన్నాడు. “నీ బస్సు ఎక్కడికి పోతే అక్కడికి” అన్నాను. దారంతా ఆలోచన రాలేదు. దిగే చోట ఏ కబురు వింటానో అన్న భయం కూడా రాలేదు. ఉదయగిరి కొండ కనిపించింది, కొండ కనిపించింది అనుకున్నాను. అంతే.

బండి దిగేసరికి రాఘవమ్మ పందిట్లో నులకమంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు కొడుతోంది. కడుపు బాగా ముందుకు వచ్చింది. చెంపలకు రంగు వచ్చింది. నన్ను చూసి లేచింది.

“వచ్చినావా అవ్వా?”

కాళ్ళు కడుక్కోను నీళ్ళు కూడా తీసుకోకుండా అడిగాను. “మస్తానమ్మ పంపిందంతా తిన్నావా?”

అది లోపలికి పోయి, మూతికి గుడ్డ కట్టిన కుండను రెండు చేతులా పట్టుకుని వచ్చి నా ముందు పెట్టింది. గుడ్డ విప్పాను. వచ్చిన మూటలు వచ్చినట్టే ఉన్నాయి. ముడి కూడా విప్పలేదు.

“మీ రోడ్డు మీకేనవ్వా. తీసకపో.”

నేను మంచం మీద కూర్చున్నాను.

“ఎందుకు తినలేదే?”

“బస్సులో ఉదయగిరి దాకా నిన్ను తిట్టుకుంటా వచ్చినానవ్వా. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టినా. ఇంటికొచ్చి పెట్టె తీస్తే అడుగున ఎర్రబిళ్ళలు. వంకర టింకరగా. ఆ ఇంట్లో అంత వంకరగా జేసే చెయ్యి నీది ఒకటే గదా.” నవ్వు ఆపుకుంటూ అన్నది. “నన్ను ఒద్దనుకున్నోళ్ళు నాకు మన్ను కాల్చి పెడతారా? మన్ను తినొద్దని గాదు, ఆ మన్ను తినొద్దని జెప్పినావు. నోటితో జెప్పలేక చేత్తో జెప్పినావు. మస్తానమ్మ పంపిందాన్ని పారెయ్యబుద్ది గాలా, తినబుద్ది గాలా. దాచినా.”

తర్వాత చాలాసేపు కాయలు కొట్టింది. నేను కూడా ఎడమ చేత్తో కొట్టాను. అప్పుడు తల ఎత్తకుండానే అడిగింది.

“ఆ ఇద్దరూ దీంతోనేనా అవ్వా పోయింది?”

ఏ మాట దాని చెవిన పడకూడదని అంత చేశానో, ఆ మాట అదే అడిగింది. “తెలియదు. డాక్టరమ్మ కూడా రూఢిగా చెప్పలేనన్నది” అన్నాను. అది అబద్ధం కాదు. దానికన్నా మంచి నిజం నా దగ్గర లేదు.

“సరే” అన్నది. పప్పులు చేటలోకి, పొట్టు బుట్టలోకి వేసుకుంటూనే ఉంది. ఒక పప్పు బుట్టలో పడితే ఏరి చేటలో వేసింది.

నేను తిరిగి పోలేదు. మొన్న గురువారం పురుడు వచ్చింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది. మంత్రసాని ఇంకా కాళ్ళు పట్టుకోకముందే మొదలుపెట్టింది. పక్క ఇంటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. రాఘవమ్మ తల్లి నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. పిల్ల సన్నగా ఉంది. బతికే పోలికలే ఉన్నాయంటున్నారు. రాఘవమ్మ చిగుళ్ళ గీత కూడా పలచబడింది, పెదవి లాగి చూశాను.

చెంచురామయ్యకు కబురు పంపాను. షెడ్డు ఉన్న స్థలం మా నాయన నా పేర రాసి ఇచ్చింది. షెడ్డు ఊరి బయటికి పోయి, ఆ పొయ్యి, ఆ గోడ తవ్వి పారేసి, చేజర్ల మన్నుతో కొత్తగా పెట్టేదాకా తల్లీబిడ్డలు గడప తొక్కరని చెప్పించాను. వాడు ఇంకా జవాబు పంపలేదు. నా మనవడు మాత్రం తానే వచ్చాడు. పిల్లను చూసి, నా దగ్గరికి వచ్చి, “అవ్వా, నేను ఆ పొద్దు ఏమీ అనలేదు” అన్నాడు. “విన్నాను” అన్నాను.

అక్కడ ఇప్పుడు బస్సు కదలగానే మస్తానమ్మ చీపురు తిరగేసి పట్టుకుని నిలబడుతోందట. చేటలతో వచ్చినవాళ్ళను తరుముతోందట. పిచ్చి పట్టిందంటున్నారట. ఆత్మకూరులో ఆ పిచ్చిదాని ఉద్యోగం ఇన్నాళ్ళూ నాది. మనిషి మారింది, అంతే.

నీకు రెండు పనులు. రామనారాయణ ఈ ఉత్తరంతో పాటు ఒక కుండ తెస్తాడు. మూత విప్పకు, వాసన చూడకు. మద్రాసు పంపి అందులో ఏముందో తేల్చమను. జవాబు నాకు రాయి. రెండోది, వాడితో పాటు పోలేరమ్మ వస్తుంది. దాని పెదవి కూడా లాగి చూడమను. ఓబులమ్మ పక్కన లేదు కాబట్టి అది నిజమే చెబుతుంది.

సంతోషంగా ఉందా అని అడుగుతావు. అందరూ అడుగుతున్నారు. పురిటి గది బయట కూర్చుని, ఎక్కడైనా ఉందేమోనని నాలో నేను వెతుక్కున్నాను. ఇవాళ రాఘవమ్మ పిల్లను నా పక్కన పడుకోబెట్టి పెరట్లోకి పోయింది. నేను గూడు మీది పిచ్చుకలను చూస్తూ ఉన్నాను. కాసేపటికి కుడి చెయ్యి తీసుకుందామంటే రావడం లేదు. ఏమిటా అని తల తిప్పి చూశాను. పిల్ల నా చూపుడువేలును పిడికిలి బిగించి పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియలేదు. పట్టుకున్నట్టు ఇప్పటికీ తెలియడం లేదు. చూస్తే తెలుస్తోంది. అందుకని చూస్తూ కూర్చున్నాను.

ఈ ఉత్తరం ఎడమ చేత్తో రాశాను. దస్తూరీ మునుపటికన్నా నయంగా ఉందంటే మాత్రం ఊరుకోను.

నీ
ఆదిశేషమ్మ